కిటికీలు మార్పిస్తే గిట్టుబాటవుతుందా?

(మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్షాలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

పాత కిటికీలు తీసేసి రెండు పొరల అద్దాలున్న యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) కిటికీలు బిగిస్తే ఏసీ ఖర్చు తగ్గుతుందని అమ్మకందారులు చెబుతారు. తగ్గుతుందన్న మాట నిజమే. ఎంత తగ్గుతుంది, ఆ తగ్గుదలకు ఎంత పెట్టుబడి పెట్టాలి అన్నదే మనం లెక్క చూసుకోవలసినది. చంద్రపూర్ జిల్లాలో చాలా ఇళ్లకు, చెడిపోని కిటికీని కరెంటు ఆదా కోసమే మార్చడం గిట్టుబాటు కాదన్నది నా అభిప్రాయం. అందుకు కారణాలు చెబుతాను.

కిటికీ గుండా వేడి ముఖ్యంగా రెండు దారుల్లో లోపలికి వస్తుంది. బయటి గాలి వేడికి అద్దం కాగి, ఆ వేడి గదిలోకి దిగడం మొదటిది. ఎండ నేరుగా అద్దంలోంచి దూసుకువచ్చి నేలనూ మంచాన్నీ గోడనూ వేడెక్కించడం రెండవది. రెండు పొరల మామూలు అద్దం ప్రధానంగా మొదటి దారినే అడ్డుకుంటుంది. శీతల దేశాల్లో ఇంట్లో 20 డిగ్రీలు, బయట మైనస్ 10 డిగ్రీలు ఉండి, ఆ తేడా నెలల తరబడి రాత్రింబవళ్లు కొనసాగుతుంది కాబట్టి అక్కడ ఆ అద్దం తన ఖర్చును తాను రాబట్టుకోగలుగుతుంది.

మన దగ్గర లెక్క వేరు. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు ఉన్న ఒక కిటికీని తీసుకుందాం. బయట 44 డిగ్రీలు, ఏసీ గదిలో 26 డిగ్రీలు అనుకుంటే, ఒంటి అద్దం గుండా సుమారు 190 వాట్ల వేడి లోపలికి వస్తుంది. రెండు పొరలు పెడితే అది దాదాపు సగమవుతుంది. తగ్గిన ఆ వేడిని బయటికి తోడడానికి ఏసీకి పట్టే కరెంటు 32 వాట్లకు మించదు. రోజుకు పది గంటల చొప్పున నాలుగు నెలలు ఏసీ నడిచినా మిగిలేది దాదాపు 40 యూనిట్లు. మహారాష్ట్ర కరెంటు పంపిణీ సంస్థ మహావితరణ్ బిల్లులో వాడకం పెరిగే కొద్దీ 100, 300, 500 యూనిట్ల మెట్ల దగ్గర రేటు పెరుగుతుంది. ఆదా అయ్యే యూనిట్లకు ఒక్కోదానికి 12 రూపాయలు అనుకుంటే, ఏడాదికి మిగిలేది 500 రూపాయల లోపే. కిటికీ చదరపు అడుగుకు వెయ్యి రూపాయల చొప్పున పడిందనుకుంటే పెట్టుబడి 20,000. ఆ డబ్బు తిరిగి రావడానికి నలభై ఏళ్లు పడుతుంది. రాత్రివేళ 18 డిగ్రీల తేడా ఉండదు కాబట్టి, ఇది కూడా అమ్మకందారు వైపు మొగ్గి వేసిన లెక్కే.

అసలు శత్రువు రెండవ దారిన వచ్చే ఎండ. అందులోనూ పడమటి ఎండ. మే 20 ప్రాంతంలోనూ, మళ్లీ జూలై 23 ప్రాంతంలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్యకాలంలో కొంచెం ఉత్తరానికి జరిగి ఉంటాడు. అందువల్ల ఆ రోజుల్లో దక్షిణపు కిటికీ మీద మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడదు, దానికి ఖరీదైన అద్దం పెట్టడం వృథా. సాయంత్రపు ఎండ మాత్రం వాలుగా, సజ్జ కిందినుంచి దూరి వస్తుంది. నేను చెప్పిన కిటికీయే పడమరకు ఉంటే, మూడు నుంచి ఏడు గంటల లోపల ఏసీ మీద రోజుకు యూనిట్‌కు దగ్గరగా అదనపు భారం పడుతుంది. ఎండను వెనక్కి కొట్టే పూత ఉన్న అద్దం వేస్తే అందులో సగానికి పైగా తగ్గుతుంది. అలాంటి కిటికీ 20,000కే దొరికినా, రెండు దారుల ఆదానూ కలిపి చూస్తే పదిహేనేళ్లకు గానీ ఖర్చు తిరిగి రాదు. కిటికీ బయట వెదురు తడికో, కిందికి వాలే రేకు పందిరో కట్టిస్తే ఆ ఎండలో ముప్పాతిక భాగం అద్దాన్ని తాకకుండానే ఆగిపోతుంది. దానికి అయ్యే ఖర్చు ఒకటి రెండు వేసవుల్లోనే తీరిపోవచ్చు. గడ్చిరోలి వెదురు పక్కనే ఉన్న మనకు ఈ సలహా కొత్తగా అనిపించకూడదు. లోపలి పరదా ఈ పని చేయజాలదు. ఎండ అద్దం దాటి వచ్చి పరదాను కాల్చిన తరువాత ఆ వేడిలో ఎక్కువ భాగం గదిలోనే ఉండిపోతుంది.

ఈ లెక్కలన్నీ ఏసీ ఉన్న గదికే. విదర్భలో ఎన్నో ఇళ్లు వేసవిని గడిపేది కూలర్‌తోనే, ఆ కూలర్ కూర్చునేది కిటికీలోనే. కూలర్ బయటి గాలిని తడిపి లోపలికి తోస్తుంది. ఆ గాలి మరో కిటికీ గుండా బయటికి పోకపోతే గదిలో ఉక్క పెరుగుతుంది. గాలి చొరబడకుండా బిగించిన కిటికీల వల్ల అటువంటి ఇంటికి ఆదా లేకపోగా ఇబ్బంది కూడా.

మరొక సంగతి. కిటికీ మార్పించుకున్న ఇళ్లలో చాలాచోట్ల జరిగేది, టేకు రెక్కల కిటికీని తీసి అల్యూమినియం స్లైడింగ్ కిటికీ పెట్టడం. టేకు చెక్కతో పోలిస్తే అల్యూమినియం గుండా వేడి కొన్ని వందల రెట్లు సులభంగా ప్రవహిస్తుంది. రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది, స్లైడింగ్ సగమే తెరుచుకుంటుంది. రాత్రి చల్లగాలి కోసం తపించే ఊళ్లో ఇది చిన్న నష్టం కాదు. అయోధ్య రామాలయపు తలుపుల కోసం 2023లో ఈ జిల్లా నుంచే టేకు పంపారు. మనమేమో ఇంట్లో ఉన్న టేకును పాత సామాను వాడికి అమ్ముకుంటున్నాం.

అయితే మార్చడమే మేలైన సందర్భాలు కూడా ఉన్నాయి. ఫ్రేముకు చెదపట్టి ఎలాగూ కొత్తది కొనవలసి వచ్చినప్పుడు, మామూలు కిటికీకీ మంచి కిటికీకీ మధ్య ఉన్న తేడా మాత్రమే పెట్టుబడి అవుతుంది గనుక లెక్క మారిపోతుంది. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్క ఇళ్లలో దుమ్ము, మోత తగ్గడానికి బిగువైన కిటికీ పనికివస్తుంది. అక్కడ మీరు కొనేది ప్రశాంతత, కరెంటు ఆదా కాదని తెలిసి కొనండి. కొత్తగా ఇల్లు కట్టేవారు కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ 2018లో వెలువరించిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళిని చూడాలి. పెద్ద స్థలాల్లోని నివాస భవనాల కోసం రాసినదైనా, గోడలూ కిటికీలూ కలిసి లోపలికి పంపే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటరాదన్న దాని నియమం చిన్న ఇంటికీ మంచి కొలబద్ద. అదే సంహిత పైకప్పుకు వేరే పరిమితి పెట్టింది. ఒక అంతస్తు ఇంట్లో రోజంతా ఎండను మోసేది స్లాబే కాబట్టి, చేతిలో ఉన్న డబ్బు ముందు దాని మీద తెల్లని పూతకు వెళ్లాలి, తరువాత పడమటి కిటికీ నీడకు, ఆ తరువాత రెక్కల సందుల్లో రబ్బరు బీడింగ్‌కు.

ఇవన్నీ అయ్యాక కూడా కొత్త కిటికీయే కావాలనుకుంటే, అద్దం గుండా వేడి ఎంత సులభంగా ప్రవహిస్తుందో చెప్పే యూ-విలువనూ, అది ఎండలో ఎన్నో వంతు లోపలికి వదులుతుందో చెప్పే ఎస్‌హెచ్‌జీసీ అంకెనూ కాగితం మీద రాయించుకోండి. మన ఎండలకు రెండవ అంకె ముఖ్యం, అది 0.3 దగ్గర ఉండాలి. రెండు పొరల మధ్య సీలు పోతే లోపల చెమ్మ పట్టి అద్దం మసకబారుతుంది, తుడవడానికి వీలుండదు, ఆ జత మొత్తం మార్చవలసిందే. ఆ సీలుకు హామీ ఎన్నేళ్లో, మార్చే మనిషి ఎక్కడినుంచి రావాలో బయానా ఇవ్వకముందే అడగండి.