తొట్టిలోకి తొంగి చూడని డాక్టరు

(తిరుపతిలో వైద్య విద్యార్థుల సదస్సులో ఒక విశ్రాంత వైద్యుడి ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. పేరుపేరునా చెబుతూ కూర్చుంటే నా టైమంతా అందులోనే పోతుంది, మన్నించాలి.

పిల్లలూ, తిరగబెట్టే వైరస్ జబ్బుల మీద మాట్లాడమన్నారు. నేను చికున్‌గున్యా ఒక్కటే చెబుతాను. 1963లో కలకత్తా, 64లో మద్రాసు, 65లో కాకినాడ, విశాఖ. 1973లో మహారాష్ట్రలోని బార్సీ తర్వాత దాని ఊసే లేదు. మళ్లీ 2005 చివర్లో లేచింది. ఎక్కడ? మన రాయలసీమలో! మరుసటి ఏడు దేశమంతా కలిపి 13 లక్షల పైచిలుకు అనుమానిత కేసులు. అప్పటికి మీరు ఉయ్యాలలో ఉన్నారు.

అప్పుడు ఓపీకి ఒకమ్మ వచ్చింది. జ్వరం తగ్గి నెలలైంది. "సంగటి కెలకలేకుండా ఉండా సామీ" అంది. పిడికిలి బిగించమంటే చిటికెన వేలొక్కటే వంగింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. అంతకుముందు చూసినాయన "నీకేం లేదు, అంతా మనసులోనే" అని పంపేశాడట. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు. నొప్పి నెలల తరబడి ఉంటుందయ్యా, కొందరికి ఏళ్లూ పడుతుంది!

ఇంకో కోపం సూదుల మీద. ఒళ్లు నొప్పులనగానే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు పొడిచేస్తారు. చికున్‌గున్యాను మోసే ఈడిస్ దోమే డెంగీనీ మోస్తుంది కదా? డెంగీ అయితే ఆ సూదితో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాలే. ఇది మీకు తెలుసు. ఇంట్లోవాళ్లకు చెప్పారా?

మొదటి వారం వైరస్‌ను పట్టే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష, ఆ తర్వాత యాంటీబాడీలను చూసే ఐజీఎం పరీక్ష అని వైవాలో గడగడా చెబుతారు. పేషెంటును "ఇంట్లో నీళ్లు ఎన్నాళ్లు నిలవ ఉంటాయమ్మా?" అని అడిగినవాళ్లు ఎందరు? కొళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధిలో డ్రమ్ము, తొట్టి లేని ఇల్లుంటుందా? నీళ్లు పారబోస్తే చాలదు. దోమ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికుంటాయి. పీచు పెట్టి తోమాలి. ఈ దోమ పగలు కుడుతుంది. రాత్రి దోమతెర కట్టుకోమని చెప్పి చేతులు దులుపుకుంటే ఎట్లా?

ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు, ఆపేస్తాను. ఒక్క ప్రశ్న. మీ హాస్టల్ కూలర్‌లో నీళ్లు మార్చి ఎన్నాళ్లయింది? తెలిసినవాళ్లు చేతులెత్తండి.

ఒక్కరూ లేరా? సరే, భోజనాలయ్యాక అటే పోదాం. ఫోన్‌లో టార్చి ఉంది కదా, వెలుగు పడగానే నీళ్లలోని దోమ లార్వా పురుగులు అడుక్కి దిగుతాయి. వార్డెన్ గారూ, మీరూ రండి.