ఈత మొత్తాన్ని చూసి జత కుదర్చండి

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు: మా ఆడ వేటకుక్కకు ఏ మగకుక్కను జత చేయాలి? దానికంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది. మూడు తరాల తరువాత మీ దగ్గర పుట్టే కుక్క ఏ పని చేయాలి? నేల మీద జాడ తీయాలా, పొదలో పిట్టను పసిగట్టి కదలకుండా నిలబడాలా, పడిన పిట్టను నీళ్లలోంచి నోట కరచి తేవాలా? ఒక్కో పనికి ఒక్కో ఒడ్డూ పొడుగూ, ఒక్కో స్వభావం కావాలి. అన్నీ ఒకేసారి కోరితే ఏదీ కుదురుకోదు. మూడు నాలుగు లక్షణాలు ఎంచుకుని రాసి పెట్టుకోండి.

నేను మొదట్లో ఆ పని చేయలేదు. గొప్పగా జాడ తీసే మగకుక్క ఒకటి దొరికింది. రాత్రంతా వాన కురిసినా తెల్లవారి జాడ వదిలేది కాదు. మురిసిపోయి, నా దగ్గరున్న ఆడకుక్కలన్నిటికీ దాన్నే జత చేశాను. రెండు తరాలు గడిచేసరికి ఏ రెండింటిని కలపాలన్నా తండ్రో తాతో అదే. ఈతలు, అంటే ఒక్కో కాన్పులో పుట్టే పిల్లల గుంపులు, చిన్నవయ్యాయి. కొన్ని పిల్లలు పాలు తాగే బలం లేక చనిపోయాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని కూర్చున్న రాత్రులు నేను మరచిపోలేదు.

దీనికి లెక్క ఉంది. అమెరికా జన్యుశాస్త్రవేత్త సీవాల్ రైట్ 1922లో వివరించిన అంతఃప్రజనన గుణకం అది. ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశాన్ని చెబుతుంది. వెనక వేరే చుట్టరికం లేకపోతే, సొంత తోబుట్టువులను కలిపినప్పుడు పిల్లల్లో అది 25 శాతం. తండ్రి ఒకటై తల్లులు వేరైన జంటకు 12.5 శాతం. దాగి ఉన్న దోషాలు ఎక్కువగా బయటపడేది ఇలాంటి జంటల పిల్లల్లోనే. వంశావళి ఎన్ని తరాల వెనక్కి దొరికితే అంత వెనక్కి వెళ్లి లెక్కించండి.

నార్వేలో ఒకప్పుడు సముద్రపు కొండ చీలికల్లో దూరి పఫిన్ పక్షులను పట్టిన లుండెహుండ్ అనే కుక్కల జాతి ఉంది. దాని పాదానికి ఆరు వేళ్లు. గత శతాబ్దంలో డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకి ఆ జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఈనాటి కుక్కలన్నీ మిగిలిన కొద్దిపాటి కుక్కల సంతతే, అందుకే పేగుల జబ్బు వాటిని వదలడం లేదు. పెంపకందారులు చివరికి ఇతర ఉత్తర దేశపు జాతుల రక్తం కలపడానికి పూనుకున్నారు. ఆ అవసరం రాకముందే మనం మేలుకోవాలి.

జన్యు పరీక్షల గురించి ఒక్క మాట. లాబ్రడార్లలో గట్టిగా పరుగెత్తాక వెనక కాళ్లు కూలబడే జబ్బు ఉంది. దోషపు జన్యువు ఒక్క ప్రతే ఉన్న కుక్కకు సాధారణంగా ఆ జబ్బు రాదు. దాన్ని ఆ దోషం లేని కుక్కతో కలిపితే పిల్లల్లో సగటున సగం వాహకాలవుతాయి, అంటే దోషాన్ని ఒక్క ప్రతిగా మోస్తాయి, జబ్బు మాత్రం దేనికీ రాదు. అందువల్ల మంచి పనిమంతురాలైన వాహకాన్ని పక్కన పారేయకండి. అలా పారేస్తూ పోతే మిగిలే రక్తం మరీ పలచబడుతుంది. తుంటి కీళ్ల లోపం సంగతి వేరు: అక్కడ అనేక జన్యువులు పనిచేస్తాయి, ఒక్క పరీక్షతో తేలదు. రెండేళ్లు నిండాక ఎక్స్‌రే తీయించండి, తోబుట్టువులవీ అడిగి చూడండి.

నేను అన్నిటికంటే పట్టుపట్టేది ఆ తోబుట్టువుల దగ్గరే. ఒక ఈతలో ఎనిమిది పిల్లలు పుట్టి, ఒకటి మేటిదై, ఏడు తుపాకీ శబ్దానికి వణికాయనుకోండి. మరో ఈతలో ఆరూ నిలకడగా పని చేశాయి, మెరుపు ఏదీ లేదు. నేను రెండో ఈత నుంచే ఎంచుకుంటాను. వేట నైపుణ్యంలో శిక్షణ పాలు చాలా ఎక్కువ. పిల్లలను ఒకే వయసులో, ఒకే రకం నేల మీద, ఒకే మనిషి పరీక్షిస్తేనే వంశం పాలు ఎంతో కనిపిస్తుంది. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా మనుషులనూ శబ్దాలనూ ఎరగని పిల్ల పిరికిదైతే, ఆ నింద తల్లిదండ్రుల మీద వేయకూడదు. బాగా చేసినవాటి గురించే కాదు, పనికి రాకుండా పోయినవాటి గురించీ పుస్తకంలో రాయండి.

ఈ ఏడాది మా ఆడకుక్క ఒకటి ఎదకు వచ్చింది. మగకుక్క తుంటి బాగుంది, జన్యు పరీక్షలూ బాగున్నాయి. దాని ముగ్గురు తోబుట్టువుల్లో ఇద్దరి ఎక్స్‌రేలు అందాయి, మూడోది రాలేదు. అందుకని ఈ ఎద వదిలేశాను. మళ్లీ ఆరేడు నెలలకు వస్తుంది. అప్పటికి ఆ మూడో కుక్కను నేనే వెళ్లి చూసి వస్తాను.