అమ్మ ఉన్న పిల్లలు

శ్రోతలందరికీ నమస్కారం.

ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో ఒక పల్లె చివర ఉంది మా హోము. బోర్డు మీద ‘బాలికల గృహం’ అని రాయించాం గానీ ఊళ్లో ఎవరూ ఆ మాట వాడరు. పెద్దవాళ్లకు అది ఇప్పటికీ ‘బోర్డింగు’. ఆటో డ్రైవర్లు మాత్రం “అనాథాశ్రమం దగ్గర దిగేవాళ్లు ఎవరండీ” అని కేక వేస్తారు. ఆ కేక చెవిన పడితే నాకు చిరాకు. ఎందుకంటే ఆ ఆటోలోంచి సంచి పట్టుకుని దిగేది చాలాసార్లు మా పిల్లల అమ్మే.

ఇప్పుడు మా దగ్గర 28 మంది ఆడపిల్లలున్నారు. తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివాళ్లు ముగ్గురే. మిగతావాళ్లకు ఎవరో ఒకరున్నారు, ఎక్కువమందికి అమ్మ ఉంది. సంక్రాంతి వెళ్లగానే లారీలు మాట్లాడుకుని మిరప కోతలకు గుంటూరు వైపు పోయే అమ్మ. హైదరాబాదులో, తను ఇటుకలు మోసే భవనం పక్కనే రేకుల షెడ్డులో పడుకునే అమ్మ. మారుమనువు చేసుకుంటే, ఆ ఇంట్లో మొదటి మొగుడి కూతురికి చోటు దొరకని అమ్మ.

నేను కోడలిగా ఈ ఆవరణలో అడుగుపెట్టినప్పుడు లెక్క ఇలా లేదు. ఎయిడ్స్ మా వైపు కుటుంబాలకు కుటుంబాలను తుడిచిపెట్టిన కాలం అది. తండ్రి పోయిన ఏడాదికో రెండేళ్లకో తల్లి పోయేది, చుట్టాలు పిల్లను తెచ్చి గుమ్మంలో కూర్చోబెట్టి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయేవారు. 2004లో కొన్ని పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఏఆర్‌టీ మందులు, అంటే ఆ జబ్బును అదుపులో ఉంచే బిళ్లలు, ఉచితంగా ఇవ్వడం మొదలైంది. మా పల్లెల దాకా రావడానికి మరికొన్నేళ్లు పట్టింది. వచ్చాక మా గడప తొక్కే అనాథలు తగ్గారు. అది ప్రార్థన ఫలం అనేవారు మా ఆయన. మందుబిళ్లల ఫలం కూడా అనేదాన్ని నేను. ఆయన పాస్టరు, నేను లెక్కలు రాసే మనిషిని.

హోము నడపడమంటే ప్రేమ పంచడమని సభల్లో అంటూ ఉంటారు. మొదటి పదేళ్లు నేను ఎక్కువగా పంచింది గజ్జి మందు. ఒక పిల్లకు వేళ్ల సందుల్లో దురద మొదలైందంటే ఇక ఆలస్యం పనికిరాదు. పిల్లలందరికీ, మాకూ, వంటామెకూ ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా మందు పూయాలి. దుప్పట్లు, గౌన్లు, దిండు గలీబులు కాగులో వేసి ఉడకబెట్టాలి. సిగ్గుపడి ఒక్క పిల్ల తప్పించుకున్నా నెల తిరక్కముందే కథ మొదటికొస్తుంది. ఇక శనివారం సాయంత్రం తలల పని. మన తలవెంట్రుకలన్నీ దేవుడు లెక్కపెట్టి ఉంచాడని బైబిల్లో ఉంది. వాటి మధ్య తిరిగే పేలను లెక్కపెట్టే పని మాకు వదిలినట్టున్నాడు.

వేపచెట్టుకు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీశాం. ఉదయం ఐదింటికి లేవడానికి, బడికి, అన్నానికి, ప్రార్థనకు అన్నింటికీ అదే గంట. ప్రతి పిల్లకూ ఒక ట్రంకు పెట్టె, దానికి చిన్న తాళం, తాళంచెవి మెడలో. పెట్టెలు మేం తెరవం. ఒకసారి ఒక పిల్ల తాళంచెవి పోగొట్టుకుంటే పగలగొట్టాల్సి వచ్చింది. మూత లోపలి వైపు మేకుతో గీసిన ఫోను నంబర్లు ఉన్నాయి. అమ్మ సిమ్ మార్చినప్పుడల్లా పాత నంబరు కొట్టేసి, కింద కొత్తది గీసుకుంది. మొత్తం ఏడు. చివరిది కొట్టేసి ఉంది, దాని కింద ఏమీ లేదు.

మెడ అన్నాను కనుక ఒక తప్పు ఒప్పుకోవాలి. మా అత్తగారి కాలం నుంచి ఇక్కడ ఒక ఆనవాయితీ ఉండేది. చేరిన రోజే పిల్ల మెడలో తాయెత్తు తీసేయాలి. క్రైస్తవ గృహంలో తాయెత్తు ఏమిటని వాదన. నేను వచ్చిన మొదటి ఏడాది ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి చేరింది, మెడలో నల్లతాడు, దానికి రాగి తాయెత్తు. కత్తెర పట్టుకుని తెంపింది నేనే. ఆ రాత్రి కుక్కలు ఆగకుండా మొరుగుతుంటే లాంతరు తీసుకుని వెళ్లాను. పిల్ల చెత్తగుంటలో మోకాళ్ల మీద కూర్చుని బూడిద కెలుకుతోంది. “మా అవ్వ కట్టిందమ్మగారూ” అంది. ఆ అవ్వ అంతకు ముందు నెలలోనే చనిపోయింది. తెల్లవారేదాకా ఇద్దరం వెతికాం. తాడు కనబడింది, తాయెత్తు దొరకలేదు.

అప్పటి నుంచి మా హోములో ఎవరి మెడలోది ఎవరూ తీయరు. ఉదయం ప్రార్థన ఉంటుంది, పాటలుంటాయి, ఇష్టమైనవాళ్లు వస్తారు. రానివాళ్లు మరో అరగంట పడుకోవచ్చు. ఈ వెసులుబాటును తప్పకుండా వాడుకునేది ఎవరనుకున్నారు? సెలవులకు వచ్చే మా మనవరాలు.

ఇప్పుడు పిల్లలను మేం ఎంచుకోం. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, ఎవరికైనా ఆదరణ లేని బిడ్డ కనబడితే 24 గంటల్లో, ప్రయాణానికి పట్టే సమయం కాక, జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు ఉంచాలి. ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉండే ఆ కమిటీ చెబితేనే మేం చేర్చుకుంటాం. గృహానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఐదేళ్లకోసారి తిరిగి చేయించుకోవాలి. లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు గానీ, లక్షకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ. మొదట్లో నాకు ఈ చట్టం మీద కోపమే. రిజిస్ట్రేషన్ కోసం ఆడపిల్లలకే పరిమితం కావాల్సి వచ్చింది. ఒకే దుప్పటి కింద పడుకున్న అక్కాతమ్ముళ్లను విడదీసి, తమ్ముణ్ణి అరవై కిలోమీటర్ల దూరంలోని మగపిల్లల గృహానికి పంపిన రోజు మా వంటామె పొయ్యి వెలిగించలేదు.

అయినా చట్టం ఎందుకు వచ్చిందో నాకు తెలియదంటే అబద్ధం. మా వైపు అద్దె ఇంట్లో బోర్డు కట్టి, చుట్టుపక్కల పిల్లలను పోగేసి, అమ్మ ఉన్న పిల్లను అనాథ అని రాసి విదేశాలకు ఫోటోలు పంపినవాళ్లను చూశాను. మేం మాత్రం పూర్తిగా కడిగిన ముత్యాలమా? ఒకసారి పట్నం నుంచి దాత తరఫున ఫోటోలు తీయడానికి ఒకాయన వచ్చాడు. కొత్త గౌను వేసుకున్న పిల్ల పళ్లన్నీ కనబడేలా నవ్వింది. “నవ్వకు పాపా, పాత గౌను లేదా?” అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. బియ్యం అప్పు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. పిల్ల వెళ్లి పాత గౌను వేసుకొచ్చింది. విదేశీ విరాళాల చట్టం 2020లో బిగించాక ఆ డబ్బంతా ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. ఆ కాగితాల పని చేయలేక మేం ఆ దారే వదిలేశాం. ఇప్పుడు మా చర్చి సంఘాల్లో ప్రతి ఇంట్లో వంట ముందు తీసిపెట్టే గుప్పెడు బియ్యం, మా పొలం కౌలు, ఊరి శెట్టిగారి అరువు. పప్పు పలచబడింది, కానీ పాత గౌను వేసుకోమనేవాళ్లు లేరు.

మా అత్తగారి ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాట ఒకటుంది. 1876లో మొదలైన ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషను క్లౌ దొర, బకింగ్‌హాం కాలువ తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ దొర గురించి చెప్పేవాళ్లంతా 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించిన సంగతి చెబుతారు. నాకు మాత్రం ఆ కూలి సంగతే ముఖ్యం. అమ్మానాన్నలకు పని దొరికితే పిల్ల ఇంట్లోనే ఉంటుంది.

అందుకే ఈమధ్య నా పని సగం హోము బయటే. మిషన్ వాత్సల్య పథకంలో, తండ్రి చనిపోయి తల్లి దగ్గర పెరిగే పిల్లకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. పల్లెల్లో అయితే కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. చెప్పడానికి రెండు ముక్కలే. భర్త పోయింది పొరుగు రాష్ట్రంలో పనిచేసే చోట అయితే మరణ ధ్రువపత్రం ఎవరిస్తారు? ఒకామె కోసం నేను ఎనిమిది నెలలు తిరిగాను. వింటున్నవాళ్లలో అలాంటి అమ్మ ఎవరైనా ఉంటే, పిల్లను ఎక్కడో వదిలే ముందు పిల్లల సహాయ నంబరు 1098కి ఒక ఫోను చేయండి.

ఆ ఎనిమిది నెలల తరువాత డబ్బు మంజూరైంది, కమిటీ ఒప్పుకుంది. నాలుగేళ్లు మా దగ్గర ఉన్న పిల్ల ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని వాళ్లమ్మ వెనకే ఆటో ఎక్కింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని గేటు దగ్గర నిలబడ్డాను. చూడలేదు.

రెండు నెలలకు ఆ అమ్మ ఫోను చేసింది. “వందనాలమ్మగారూ. ఈ పిల్లతో వేగలేకపోతున్నాను. గంట కొట్టందే అన్నం ముట్టదు. ఐదింటికే లేచి గరిటెతో పళ్లెం వాయిస్తోంది. పక్కింటివాళ్లు తిడుతున్నారు, ఒక్క మాట చెప్పండమ్మా” అంది.

పిల్లకు ఫోను ఇవ్వమన్నాను. అవతల పళ్లెం మోగుతూనే ఉంది.