దొరసూ వాళ్ల ఊరు చూసొచ్చాం

హాయ్ అండీ, అందరూ బావున్నారా? ఇది పారిస్‌లో సాన్ లజార్ స్టేషన్. శనివారం పొద్దున్న ఏడున్నర. మా ఆయన కాఫీ లైన్లో ఉన్నారు. మావాడు బంతి బయటికి తియ్యనా అని సైగలు చేస్తున్నాడు, ఇక్కడ తీశాడంటే వాడి పని అయిపోయినట్టే. సంచిలో పులిహోర, పెరుగన్నం, మూడు గొడుగులు. రెండు గంటల్లో లె హావ్ర్‌లో దిగుతాం. నార్మండీలో పెద్ద రేవు పట్నం అది. బీచ్ వ్లాగ్ అనుకునేరు, కాదు. వికాష్ దొరసూ అనే ఫ్రెంచ్ ఫుట్‌బాల్ ఆటగాడు పెరిగిన ఊరు చూడ్డానికి.

దీనంతటికీ కారణం ఒక కరివేపాకు కట్ట. రెండు వారాల కిందట పారిస్‌లో మన సరుకులు దొరికే లా షపెల్ పేటలో సరుకులు కొంటుంటే పక్కనే ఒక పెద్దావిడ. మీరు తమిళులా అని ఫ్రెంచిలో అడిగింది. కాదండీ, తెలుగువాళ్లం అన్నాను. ఆవిడ చేతిలో ఉన్న మునక్కాడలు పక్కన పెట్టేసి, గుండె మీద చెయ్యి వేసుకుని "నేనూ తెలుగే" అంది, అదీ ఫ్రెంచిలోనే. వాళ్లది మారిషస్ అట. తెలుగులో మాట్లాడమంటే నవ్వేసింది. కానీ ఉగాది అంది, అమ్మోరు పండగ అంది, రామభజనం అంది. ఆఖర్న "సింహాద్రి అప్పన్న" అంది చూడండి, మాది విజయనగరం కదా, నాకు ఒక్కసారి గొంతు పట్టేసింది. మా అమ్మమ్మ ఎలా అనేదో అలాగే అంది.

మావాడి ఒంటి మీద పారిస్ ఫుట్‌బాల్ క్లబ్బు పీఎస్‌జీ టీషర్టు చూసి, "వికాష్ దొరసూ తెలుసా? మావాడే" అంది. మాకు తెలీదు. ఇంటికొచ్చి వెతుకుతూ కూర్చుంటే రాత్రి ఒంటిగంట అయింది.

వికాష్ దొరసూ 1973 అక్టోబర్ 10న లె హావ్ర్ పక్కనే ఉన్న హార్‌ఫ్లూర్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు మారిషస్ నుంచి ఫ్రాన్స్ వచ్చినవాళ్లు. వాళ్ల పూర్వీకులు మన తెలుగు నేల నుంచి చెరకు తోటల్లో పనికి ఓడెక్కినవాళ్లు. అప్పట్లో గోదావరి మొగ దగ్గర కోరంగి రేవు నుంచి కూడా ఓడలు వెళ్లేవి, అందుకే అక్కడ తెలుగువాళ్లని కోరంగి వాళ్లనేవారు. పేర్లు మాత్రం కాగితాల మీద గుమాస్తాలకి ఎలా వినపడితే అలా ఎక్కాయి. నాయుడు నాయిడూ అయ్యాడు, అప్పడు అప్పాడూ అయ్యాడు. దొరసూ అనే పేరులో నా చెవికైతే 'దొర' వినిపిస్తుంది. పొలంలో కూలి చేసినాయన ఇంటిపేరులో దొర!

రైల్లో మా ఆయన ఒక మాట అన్నారు. 2006 ప్రపంచ కప్ ఫైనల్ మేం విజయనగరంలో చూశాం. మనకి రాత్రి పదకొండున్నరకి మొదలైంది. ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ ఇటలీ ఆటగాణ్ణి తలతో గుద్దినప్పుడు వీధిలో ప్రతి ఇంట్లోనూ ఒకటే కేక. ఆ రోజు ఫ్రాన్స్ బెంచీ మీద తెలుగు మూలాలున్న మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడని మాలో ఎవరికీ తెలీదు.

తెలిసుంటే ఏం చేసేవాళ్లం? 'మనోడే' అని పేపర్లో రెండు రోజులు వేసేవాళ్లు, అంతే కదా. నాకు ఆ 'మనోడు' గోల అంత నచ్చదు. ఆయన పెరిగింది లె హావ్ర్ కార్మికుల పేటలో, ఆట నేర్చుకుంది అక్కడే, వేసుకున్నది ఫ్రాన్స్ నీలం చొక్కా. గెలిచాక వెతుక్కుంటూ వెళ్లి చుట్టరికం కలపడం మనకి మహా సులువు.

సరే, దిగాం. ఒకటే గాలి! మైకులో ఏమీ వినపడక ఈ ముక్క ఇంటికొచ్చి మళ్లీ రికార్డు చేశాను. 1944 బాంబుల్లో నేలమట్టమైన ఊరు ఇది. ఓగుస్త్ పెరే అనే ఆర్కిటెక్ట్ మొత్తం కాంక్రీటుతో మళ్లీ కట్టించాడు. బూడిద రంగు పెట్టెల్లా ఉన్నాయి, నాకైతే నచ్చలేదు. మా ఆయన మాత్రం పిల్లర్లు ఫొటోలు తీసుకున్నారు, ఆయన సివిల్ లెండి.

స్టేషన్ ముందే ట్రామ్ ఎక్కితే కొండ మీది కోక్రియోవిల్ దాకా తీసుకెళ్తుంది. దొరసూ పెరిగిన పేట అదే. ఎత్తైన అపార్టుమెంట్లు, బాల్కనీల్లో దుప్పట్లు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు గుర్తొచ్చింది. ఇక్కణ్ణుంచే లె హావ్ర్ క్లబ్బుకి వెళ్లాడు. 1872లో పెట్టిన క్లబ్బు, ఫ్రాన్స్‌లో అన్నిటికన్నా పాతది. ఎత్తు చూస్తే అయిదున్నర అడుగులు. మిడ్‌ఫీల్డర్. తర్వాత లియాన్‌లో 2003, 2004 లీగ్ టైటిళ్లు. అక్కణ్ణుంచి ఇటలీలో ఏసీ మిలాన్. 2005లో ఇస్తాంబుల్‌లో మూడు గోల్స్ ముందుండి మిలాన్ ఓడిపోయిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ గుర్తుందా? ఆ రోజూ బెంచీ మీదే ఉన్నాడు. ఆ తర్వాత పీఎస్‌జీకి వచ్చాడు.

ఫ్రాన్స్‌కి తొలి మ్యాచ్ 1999లో. ఆ తర్వాత ఏళ్ల తరబడి పిలుపు లేదు. 2006 ప్రపంచ కప్ అర్హత పోటీలకి మళ్లీ పిలిచారు. 2005 అక్టోబర్‌లో సైప్రస్ మీద గోల్ కొట్టాడు. దేశానికి 18 మ్యాచ్‌లు, అదొక్కటే గోల్. 2006 ఏప్రిల్ 29న ఫ్రెంచ్ కప్ ఫైనల్లో మార్సెయ్ మీద పీఎస్‌జీకి రెండో గోల్ ఈయనదే. చాలా దూరం నుంచి లాగి కొట్టాడు. 2-1తో కప్పు వచ్చింది. ఆ వీడియో మావాడు ఎన్నిసార్లు చూశాడో, బంతి వలని తాకకముందే "ఊఁ" అంటాడు.

అంత ఊపులో ప్రపంచ కప్‌కి వెళ్తే ఏమైంది? స్విట్జర్లాండ్ మీద కాసేపు, దక్షిణ కొరియా మీద కాసేపు, వెరసి 16 నిమిషాలు. అంతే. జట్టు ఫైనల్ దాకా వెళ్లింది, ఈయన లేవలేదు. కానీ టోర్నీకి ముందు ఫ్రెడ్ పులే అనే స్నేహితుడు సూపర్-8 అనే చిన్న ఫిల్ము కెమెరా ఒకటి చేతికిచ్చాడు. దాంతో హోటల్ గదిలో తన ఎదురుచూపునే చిత్రీకరించుకున్నాడు. 'సబ్‌స్టిట్యూట్' అనే సినిమా అదే. గోల్స్ లేవు, సంబరాలు లేవు. తనని ఎందుకు ఆడించట్లేదో అర్థంకాక ఒక మనిషి కెమెరాతో మాట్లాడుకుంటాడు. చూస్తుంటే నాకు ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం గుర్తొచ్చింది. వీసా మీద పని చేసే వీల్లేదు, రోజంతా కిటికీ దగ్గర నేనూ నా ఫోనూ. ఈ ఛానెల్ అలా మొదలైందే లెండి.

ఆ ఏడాది అక్టోబర్‌లోనే కోచ్‌ని పత్రికలో విమర్శించాడని పీఎస్‌జీ ఉద్యోగంలోంచి తీసేసింది. ఫ్రాన్స్‌లో ఫుట్‌బాల్ ఆటగాణ్ణి క్లబ్బు అలా తీసేయడం అంతకుముందు ఎరగరు. ఇటలీలో లివోర్నో చేర్చుకుంది కానీ ఆడింది లేదు. 2008లో ఆట మానేశాడు. ఆ తర్వాత పోకర్ ఆడాడు, సరదాగా ఫుట్‌బాల్ ఆడుకుందాం అనే టటాన్ సంఘం పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు, 2020లో పారిస్ మునిసిపల్ ఎన్నికల్లో వామపక్షం తరఫున నిలబడ్డాడు. నోరు మూసుకుని కూర్చునే రకం కాదు.

మావాడు పులిహోర తింటూ అడిగాడు: "అమ్మా, ఆయన ఫ్రెంచా, మారిషసా, తెలుగా?" ఫ్రెంచ్ అన్నాను. "మరి షాపులో ఆంటీ?" మారిషస్ తెలుగు అన్నాను. "మరి నేను?" ముందు తిను, చల్లారిపోతుంది అన్నాను. పులిహోర పొద్దున్నే చల్లారిపోయింది, ఆ సంగతి వాడికీ తెలుసు.

అపార్టుమెంట్ల మధ్య చిన్న సిమెంటు మైదానంలో పిల్లలు ఆడుతున్నారు. మావాడు బంతి పట్టుకుని గీత దగ్గర నిలబడ్డాడు. వాళ్లు అయిదుగురు అయిదుగురు సరిపోయారు, ఆగమన్నట్టు చెయ్యి చూపించారు. వెళ్లి అడగనా అని నేను లేస్తే, "కూర్చో" అన్నారు మా ఆయన. వాడు బంతి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడ్డాడు. సన్నగా జల్లు మొదలైంది. గొడుగు ఇస్తానంటే వద్దన్నాడు. చాలాసేపటికి ఒక పిల్లాడు షూ లేసు తెగి బయటికొచ్చాడు, వీడు లోపలికి పరిగెత్తాడు.

మామూలుగా ఇలాంటి ముక్కలు కట్ చేసేస్తాను. ఈసారి వాడు నిలబడ్డ పదకొండు నిమిషాలూ అలాగే ఉంచాను. విసుగనిపిస్తే ముందుకి జరుపుకోండి.