వయసు పెరిగేకొద్దీ పై బీపీ

పెద్దలందరికీ నమస్కారం.

చెన్నైలోని మన తెలుగిళ్ళలో ఇప్పటికీ ఒక లెక్క వినబడుతుంది: వందకి వయసు కలిపితే వచ్చేదే మన బీపీ అని. అంటే డెబ్బై ఏళ్ళాయనకి 170 ఉన్నా మామూలే అన్నమాట. ఒకప్పుడు డాక్టర్లలోనూ ఈ మాట అన్నవాళ్ళున్నారు. ఇది తప్పు లెక్క. వయసుతో బీపీ పెరగడం చాలామందిలో జరిగేదే, కానీ అందరికీ ఉన్నంతమాత్రాన అది మంచిదైపోదు.

పై అంకె గుండె రక్తాన్ని తోసినప్పటి ఒత్తిడి, కింది అంకె గుండె విశ్రాంతిగా ఉన్నప్పటిది. సుమారు 50 ఏళ్ళ దాకా రెండూ కలిసే పెరుగుతాయి. ఆ తర్వాత పైది పెరుగుతూనే ఉంటుంది, కిందిది తగ్గడం మొదలెడుతుంది. కారణం గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని. వయసులో ఉన్నప్పుడు అది సాగి కొంత రక్తాన్ని పట్టి ఉంచుతుంది, గుండె విశ్రాంతి వేళ ముడుచుకుంటూ ముందుకు పంపుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ దాని గోడలో సాగే పోగులు తెగి, బిరుసు పోగులు పెరుగుతాయి. పాత రబ్బరు గొట్టంలా గట్టిపడిన ధమని సాగదు గనక పై ఒత్తిడి ఎగుస్తుంది; వెనక్కి ముడుచుకోదు గనక కిందిది పడిపోతుంది. కాబట్టి 168/72 చూసి ‘కింది బీపీ బాగుందిగా’ అని సంబరపడకండి. రెండంకెల మధ్య ఆ దూరమే ధమని గట్టిపడిందనడానికి గుర్తు.

ఈ వయసులో మందులెందుకు అనేవారికి రెండు పరిశోధనలు జవాబు చెప్పాయి. 1991లో వెలువడిన షెప్, 60 దాటి పై బీపీ మాత్రమే ఎక్కువున్నవారికి మందులిస్తే పక్షవాతం మూడోవంతుకి పైగా తగ్గిందని చూపింది. 2008 నాటి హైవెట్ 80 దాటినవారిలో చేసింది. అక్కడ మరణాలు కూడా తగ్గాయి.

ఇక కొలవడం. తప్పులన్నీ ఇక్కడే. పానగల్ పార్కులో నడిచొచ్చి, ఫిల్టర్ కాఫీ తాగి, వెంటనే బీపీ మిషన్ పట్టీ చుట్టుకుంటే వచ్చేది మీ బీపీ కాదు. రెంటికీ అరగంట ఎడమివ్వండి. మూత్రానికి వెళ్ళి రండి. వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. టీవీ వద్దు, మాటలు అసలే వద్దు. చొక్కా చేతి మీదుగా కాక ఒంటిమీదే, మోచేతి మడతకి రెండు వేళ్ళ పైన పట్టీ చుట్టండి. చెయ్యి బల్లమీద, గుండె ఎత్తులో ఉండాలి. పది సెంటీమీటర్లు కిందికి జారితే అంకె ఏడెనిమిది పెరుగుతుంది.

పట్టీ సైజు చాలామంది చూడరు. మామూలు పట్టీ సాధారణంగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత చేతికి. లావు చేతికి అదే బిగిస్తే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. మణికట్టుకి కట్టే మిషన్లు నా లెక్కలో దండగ.

మొదటిసారి రెండు చేతులూ చూసి, ఎక్కువ వచ్చిన చేతినే ఇకముందూ వాడండి. ఏడు రోజులు పొద్దున మాత్రకి ముందు, మళ్ళీ సాయంత్రం, నిమిషం ఎడంతో రెండేసి సార్లు కొలిచి అన్నీ రాయండి, నచ్చినవి మాత్రమే కాదు. మొదటిరోజువి వదిలేసి మిగిలినవాటి సగటు తీయండి. ఆసుపత్రిలో 140/90 ఎంతో, ఇంట్లో 135/85 అంత. గుండె లయ తప్పినవారికి మిషన్ అంకె ఊగుతుంది, మూడుసార్లు చూడాలి.

లేవగానే తల తిరిగేవారు నిలబడి కూడా కొలవాలి, ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో. పై అంకె 20 పడిపోతే డాక్టర్‌కి చెప్పండి. రాత్రి బాత్‌రూమ్ దారిలో తుంటి విరిగేది ఇలాంటివారికే. కత్తిరి ఎండల్లో, అంటే నడివేసవిలో, మూత్రం ఎక్కువ పోయించే మాత్ర వేసుకునేవారిలో ఇది ఎక్కువ. అలాగని మాత్ర మీరే మానేయకండి.

ఉప్పు రోజుకి అయిదు గ్రాముల లోపు, అంటే టీ చెంచాడు, ఆవకాయా అప్పడమూ కలుపుకొని. మోకాళ్ళ నొప్పికి షాపులో అడిగి వేసుకునే మాత్రల్లో చాలావాటికి బీపీ పెంచే గుణముంది.

ఎప్పుడైనా 180/120 కనబడితే కంగారుపడకుండా అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. అంతే ఉంటే ఆ రోజే డాక్టర్‌ని కలవండి. ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు, ఒకపక్క చెయ్యో కాలో పడిపోవడం తోడైతే మళ్ళీ కొలుస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.