గేటు దగ్గర గొడవ తర్వాత: కార్మికుల పట్ల ప్రభుత్వాల తీరు

అందరికీ నమస్కారం. తాళ్ళరేవు, ఇంజరం, సుంకరపాలెం, యానాం నుంచీ, ఏటి అవతల ఎదుర్లంక నుంచీ వచ్చినవాళ్ళు ఇక్కడ కూర్చున్నారు. రొయ్యల ప్లాంట్లలో పనిచేసే అక్కచెల్లెళ్ళున్నారు, టైల్సు ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పనిచేసి ఇంటికొచ్చేసిన అన్నలున్నారు. అందుకని సిద్ధాంతం కాస్త తగ్గించి, కాగితాల గురించే ఎక్కువగా చెబుతాను.

2012 జనవరి 27న యానాం రీజెన్సీ సిరామిక్స్ టైల్సు ఫ్యాక్టరీ దగ్గర ఏం జరిగిందో ఈ చుట్టుపక్కల ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి గేటు దగ్గర పోలీసు చర్య, కార్మిక నాయకుడి మరణం, ఆ కబురు తెలిసి విరుచుకుపడ్డ జనం, కంపెనీ ప్రెసిడెంటు హత్య, ఫ్యాక్టరీకి నిప్పు, పోలీసు కాల్పులు. ఇదంతా ఒక్క రోజులోనే. ఆ తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. అదే ఏడాది జులై 18న హర్యానాలోని మానేసర్ మారుతి ప్లాంటులో గొడవ జరిగి ఒక మేనేజరు చనిపోయారు. ఆగస్టు 16న దక్షిణాఫ్రికాలోని మరికానాలో పోలీసులు 34 మంది గని కార్మికుల్ని కాల్చి చంపారు. కాల్చింది పోలీసులైతే, హత్యానేరం మోపింది మాత్రం అరెస్టు చేసిన 270 మంది కార్మికుల మీద. మీరంతా ఒకే ఉద్దేశంతో గుమిగూడారు కాబట్టి మీ తోటివాళ్ళ చావుకు మీరే బాధ్యులన్నారు. దేశమంతా మండిపడితే కొద్ది రోజులకే ఆ అభియోగం పక్కన పెట్టారు.

ఒక మాట ముందే చెప్పాలి. మనిషిని కొట్టి చంపడం హత్యే. చనిపోయింది ఆఫీసరైనా కార్మికుడైనా విచారణ జరగాలి, చేసినవాడికి శిక్ష పడాలి. మన పట్టుదల అంతా ఆ ‘చేసినవాడు’ అనే చోటే. గొడవ జరగ్గానే ప్రభుత్వం ఎవరు ఏం చేశారో చూడటం మానేసి, ఫ్యాక్టరీ హాజరుపట్టీనే ముద్దాయిల జాబితాగా మార్చేస్తుంది. ఆ కేసుల కింద అసలు తగాదా, అంటే జీతం పెంపు, పర్మినెంటు చేయడం, తీసేసినవాళ్ళను తిరిగి తీసుకోవడం, అన్నీ కప్పడిపోతాయి. కాబట్టి సంఘం చేయాల్సినవి రెండు: గుంపులోంచి మనిషిని విడదీసి చూపించడం, అసలు తగాదాను బతికించడం.

గుంపు సంగతి ముందు చూద్దాం. భారతీయ న్యాయ సంహిత 189వ సెక్షను ప్రకారం అయిదుగురు లేదా అంతకు మించి చట్టవిరుద్ధమైన ఉద్దేశంతో చేరితే అది చట్టవిరుద్ధ సమూహం. 190వ సెక్షను, అంటే పాత ఐపీసీ 149, ఆ గుంపులో ఒకడు చేసిన నేరాన్ని అందరికీ అంటగడుతుంది. ఎఫ్ఐఆర్‌లో పదిమంది పేర్లు రాసి ‘మరికొందరు’ అని చేర్చారంటే, ఆ ఒక్క మాటతో ఊళ్ళో ఎవర్నయినా ఆర్నెల్ల తర్వాత కూడా ఎత్తుకుపోవచ్చు. 2020 డిసెంబరు 12న కర్ణాటకలోని నరసాపుర విస్ట్రాన్ ప్లాంటులో బకాయి జీతాల మీద గొడవ జరిగినప్పుడు ఏకంగా 7,000 మందిని ముద్దాయిలుగా చూపారు. తర్వాత తనిఖీల్లో జీతాల చెల్లింపులో, హాజరు లెక్కల్లో తప్పులు బయటపడ్డాయి. కంపెనీయే క్షమాపణ చెప్పింది. మొదట ఫిర్యాదులో 437 కోట్లన్న నష్టం తర్వాత 26 నుంచి 52 కోట్లకు దిగింది. ఈ అంకె ఊరికే రాసేది కాదు. ఆస్తి నష్టం లక్ష రూపాయలు దాటితే 324వ సెక్షను కింద శిక్ష అయిదేళ్ళ దాకా పెరుగుతుంది. అందుకే బీమా కంపెనీ సర్వేయరు రిపోర్టును కోర్టుకు తెప్పించమని అడగాలి.

గుంపు కేసుల్లో మనకు పట్టుకొమ్మ 1964 నాటి మసల్తీ తీర్పు. పెద్ద గుంపు చేసిన నేరంలో ఒక మనిషిని దోషి అనాలంటే కనీసం ఇద్దరు ముగ్గురు సాక్షులు అతని గురించి పొంతన కుదిరేలా చెప్పాలని సుప్రీంకోర్టు అంది. మానేసర్ కేసులో 148 మందిని జైల్లో పెట్టారు. విదేశీ పెట్టుబడులు రాకుండా పోతాయన్న మాట 2013లో హైకోర్టు బెయిలు నిరాకరించిన ఉత్తర్వులోనే కనిపిస్తుంది. చాలామంది రెండేళ్ళకు పైగా లోపలే ఉన్నారు. తీరా 2017 మార్చిలో 117 మంది నిర్దోషులుగా తేలారు. కొందరు సాక్షులు ముద్దాయిల పేర్లను అక్షరక్రమంలో చెప్పుకుంటూ పోయారు. కళ్ళారా చూసినవాడు అక్షరక్రమంలో చూడడు కదా, ఆ పేర్లు ఏ రిజిస్టరులోంచో వచ్చాయి. 31 మందికి శిక్షలు పడ్డాయి, అందులో 13 మందికి యావజ్జీవం. కోయంబత్తూరు ప్రికాల్ ఫ్యాక్టరీ అధికారి హత్య కేసులో 2015లో 8 మందికి యావజ్జీవం వేస్తే, 2017లో మద్రాసు హైకోర్టు ఆరుగురిని విడిచిపెట్టింది.

మరి సంఘం మొదటి వారంలో ఏం చేయాలి? గొడవ జరిగిన రాత్రే కూర్చుని, ఆ షిఫ్టులో ఎవరున్నారు, ఎవరు సెలవులో ఉన్నారు, ఎవరు ఏ బస్సులో ఎప్పుడు వెళ్ళారు అని కాగితం మీద పెట్టండి. పంచింగ్ రికార్డు, బస్సు ట్రిప్ షీటు, ఆస్పత్రి ఓపీ చీటీ, ఫోన్‌పే లావాదేవీ, ఏదైనా సరే. సీసీ కెమెరా రికార్డు కొన్నాళ్ళకే దానంతటదే చెరిగిపోతుంది. అందుకని దాన్ని భద్రపరచమని వెంటనే మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టాలి. చాలా కేసులు ఇక్కడే చేజారిపోతాయి. నాయకులు స్టేషను చుట్టూ తిరుగుతుంటారు, ఈలోపు రుజువు కాస్తా పోతుంది.

అరెస్టు చేస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాలకు మామూలుగా ముందు నోటీసు ఇవ్వాలి. కొట్టి ఉంటే రిమాండు సమయంలోనే మేజిస్ట్రేటుతో నోరు విప్పి చెప్పాలి, వైద్య పరీక్ష అడగాలి. జైలుకెళ్ళాక చెబితే ఆ దెబ్బలు ఎప్పటివో ఎవరూ తేల్చలేరు. నేరం తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. అయితే అది అడిగితేనే వస్తుంది. మీరు మర్నాడు చూద్దాంలే అనుకునేలోపు చార్జిషీటు పడిందా, ఆ హక్కు పోయినట్టే. తేదీ వకీలుకే వదిలేయకుండా సంఘం కార్యాలయం గోడ మీద రాసి పెట్టుకోండి.

ఇంకోటి, ఒకే గొడవకు స్టేషను దగ్గర ఒకటి, గేటు దగ్గర ఒకటి, ఇంటి దగ్గర ఒకటి అని మూడు నాలుగు ఎఫ్ఐఆర్‌లు కడతారు. దీని వెనక లెక్క ఉంది. ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలుంటే విడుదలకు అర్హుడని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను చెబుతుంది. కానీ ఒకటికి మించి కేసులు నడుస్తుంటే అది వర్తించదు. యావజ్జీవం పడే నేరాలకైతే అసలే లేదు. ఒకే ఘటనకు రెండో ఎఫ్ఐఆర్ కుదరదని 2001లో టి.టి. ఆంటోనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని పట్టుకుని మొదట్లోనే హైకోర్టుకు వెళ్ళాలి.

జామీను దగ్గర మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కుంది. యానాం పుదుచ్చేరిలో భాగం, హైకోర్టు మద్రాసులో. కార్మికుడి ఇల్లు, పొలం, చుట్టాలు మాత్రం ఆంధ్రాలో. స్థానిక జామీనుదారు కావాలని కోర్టు అంటే తాళ్ళరేవు మనిషి పరాయి రాష్ట్రం వాడైపోతాడు. ఆస్తి వేరే జిల్లాలో ఉందని జామీను తోసిపుచ్చకూడదని 1978లోనే మోతీరాం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చారు. స్థానికుడే కావాలని పట్టుబట్టొద్దని 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది. బెయిలొచ్చి నెలైనా జామీను దొరక్క లోపలే ఉంటే, షరతులు సడలించడం కోర్టు ఆలోచించవచ్చని కూడా అంది. పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదు ముందే సిద్ధం చేసి ఉంచండి.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. చాలామందిని దెబ్బతీసేది శిక్ష కాదు, ఈలోపు తీసేయడమే. మారుతి 546 మంది పర్మినెంటు కార్మికుల్ని తీసేసింది. నిర్దోషులుగా తేలినా వాళ్ళ ఉద్యోగాలు తిరిగి రాలేదు. ఎంక్వైరీ లేకుండా తీసేశారు కాబట్టి కోర్టు వెంటనే వెనక్కి తీసుకోమంటుందని మనవాళ్ళు అనుకుంటారు. అలా కాదు. 1973 ఫైర్‌స్టోన్ తీర్పు ప్రకారం కార్మికుడు తప్పు చేశాడని యజమాని నేరుగా పారిశ్రామిక ట్రైబ్యునల్లోనే రుజువు చేసుకోవచ్చు. కాబట్టి మన సాక్ష్యం కూడా సిద్ధంగా ఉండాలి. సస్పెన్షనులో పెడితే మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యం కార్మికుడి వల్ల కాకపోతే ఆపైన 75 శాతం జీవన భృతి రావాలి. క్రిమినల్ కేసు, ఎంక్వైరీ రెండూ అవే వాస్తవాలు, అదే సాక్ష్యం మీద నడిచి కోర్టు నిర్దోషి అంటే, డిస్మిస్ నిలబడదని 1999 పాల్ ఆంటోనీ తీర్పు. రుజువు చాలక ‘సందేహ లబ్ధి’ కింద వదిలితే దాని బలం తగ్గుతుంది.

2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకొచ్చింది. డిస్మిస్ అయిన కార్మికుడు ముందు కార్మిక శాఖ రాజీ అధికారికి అర్జీ ఇచ్చి, 45 రోజులు దాటాక నేరుగా ట్రైబ్యునలుకు వెళ్ళొచ్చు. గడువు రెండేళ్ళు, ఇంతకుముందు మూడేళ్ళుండేది. జైల్లో ఉన్నవాడికి రెండేళ్ళు ఇట్టే గడిచిపోతాయి, వకాల్తా మీద జైల్లోనే సంతకం తీసుకుని అర్జీ వేయించాలి. మూసివేతకు ప్రభుత్వ అనుమతి కావాల్సిన పరిమితి కూడా 100 మంది నుంచి 300కి పెరిగింది. అంతకన్నా చిన్న ఫ్యాక్టరీ అయితే, తన చేతిలో లేని పరిస్థితుల వల్ల మూశానని యజమాని వాదించి పరిహారాన్ని మూడు నెలల సగటు జీతానికి కుదించుకునే వీలుంది. నిప్పంటుకున్న ఫ్యాక్టరీ విషయంలో ఈ వాదన తప్పకుండా వస్తుంది.

అసలు తగాదాను బతికించమన్నది ఇందుకే. జీతాల డిమాండు మీద రాజీ ప్రక్రియ నడుస్తుండగా, ఆ తగాదాకు సంబంధించిన తప్పు మోపి యజమాని ఎవర్నీ ముందస్తు అనుమతి లేకుండా తీసేయకూడదు. సంబంధం లేని తప్పయినా నెల జీతం చెల్లించి, ఆమోదానికి అర్జీ పెట్టాలి. ఇది పాత పారిశ్రామిక వివాదాల చట్టం 33వ సెక్షను, కొత్త కోడ్‌లో 90వది. అరెస్టుల గందరగోళంలో కార్మిక శాఖలో వాయిదాలకు ఎవరూ వెళ్ళకపోతే ఫైలు మూసేస్తారు, ఆ గొడుగు కాస్తా పోతుంది. కేసుల్లో లేని ఇద్దర్ని ఆ వాయిదాలకే కేటాయించండి.

డబ్బు దగ్గర కూడా మోసపోతారు. హింసకు పాల్పడ్డాడని తీసేస్తే గ్రాట్యుటీ మొత్తంగా గానీ కొంత గానీ ఆపే అధికారం యజమానికి ఉంది, కానీ అది దానంతటది జరిగేది కాదు. నోటీసిచ్చి, విని, ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వాలి. నెలకు 13,000 మీద పదేళ్ళు చేసిన మనిషికి అది 75,000 రూపాయలు. ఆవరణలో హింస పేరుతో తీసేస్తే బోనసు కూడా పోతుంది. పీఎఫ్‌ను మాత్రం ఏ కారణంతోనూ ముట్టుకోకూడదు. కాంట్రాక్టు కార్మికుల పేర్లు గొడవ మర్నాటికే కాంట్రాక్టరు పుస్తకాల్లోంచి మాయమవుతాయి. పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ నంబరు, గేటు పాసు ఫోటో ఇంట్లో ఉంటేనే ఆ మనిషి అక్కడ పనిచేసినట్టు రుజువు.

చివరగా కేసుల ఉపసంహరణ. మంత్రిగారు మైకులో ‘కేసులెత్తేస్తాం’ అంటే కేసు పోదు. ప్రభుత్వం నిర్ణయం తీసుకున్నాక, పబ్లిక్ ప్రాసిక్యూటరు తన బుద్ధితో ఆలోచించి కోర్టులో పిటిషను వేయాలి, కోర్టు ఒప్పుకోవాలి. నాగరిక్ సురక్షా సంహిత 360వ సెక్షను ప్రకారం బాధితుల మాట కూడా వినాలి. మనసుంటే ప్రభుత్వం ఇది చేయగలదు. మన జిల్లాల్లోనే, 2016 తుని రైలు దహనం నాటి కాపు రిజర్వేషన్ ఉద్యమ కేసుల్ని రాష్ట్ర ప్రభుత్వం ఎత్తేసింది, రైల్వే కేసు 2023లో కొట్టుడుపోయింది. కులం పేరుతో కదిలిన జనానికి అందిన ఈ దారి, కూలి పేరుతో కదిలిన జనానికి ఎందుకు అందదో మనం ప్రతి ఎమ్మెల్యేనీ అడగాలి.

యాజమాన్యంతో ఒప్పందం రాసుకునేటప్పుడు ‘కేసులు వెనక్కి తీసుకుంటాం’ అన్న వాక్యాన్ని నమ్మొద్దు. కొట్లాట కేసు రాజీ పడే నేరం కాదు, కంపెనీ వదులుకున్నా స్టేషను వదలదు. దానికి బదులు ఇలా రాయించండి: ఎఫ్ఐఆర్ నంబరు, ముద్దాయిల పేర్లు, హైకోర్టులో కొట్టివేత పిటిషనుకు కంపెనీ అభ్యంతరం లేదని ప్రమాణపత్రం ఇచ్చే తేదీ, బెయిలొచ్చినవాణ్ణి పనిలోకి తీసుకునే తేదీ, ఆ తేదీ దాటితే చెల్లించే రోజు జీతం. కింద కంపెనీ తరఫున సంతకం పెట్టేవాడికి ఆ అధికారం ఇచ్చిన బోర్డు తీర్మానం ప్రతిని జతచేసి, రాజీ అధికారి ముందే సంతకాలు చేయించండి.