తుపాకుల సర్వే: శాతం కన్నా ముందు ప్రశ్న చదవండి

నమస్కారమండీ, డాలస్ శివార్లలోని ఫ్రిస్కో నుంచి మాట్లాడుతున్నాను. అమ్మాయిని సంగీతం క్లాసులో దించి, కారులో కూర్చున్న ఈ గంటలో ఫోనుకొచ్చిన ఒక సర్వే సందేశాన్ని మీకు చదివి వినిపిస్తాను: "చట్టానికి కట్టుబడి బతికే కుటుంబాల ఆత్మరక్షణ హక్కును లాక్కునే ప్రయత్నాలను మీరు వ్యతిరేకిస్తారా?" వ్యతిరేకించనని ఎవరంటారు? జవాబు ముందే రాసిపెట్టి సంతకం అడుగుతున్నారు. ఇలాంటివి ప్రచారమని తేలిగ్గానే తెలిసిపోతుంది. చిక్కంతా పేరున్న సంస్థలు నిజాయితీగా అడిగే ప్రశ్నలతోనే.

తుపాకీ కలిగి ఉండే హక్కును కాపాడటం ముఖ్యమా, తుపాకుల యాజమాన్యాన్ని నియంత్రించడం ముఖ్యమా అని అమెరికా సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 1993 నుంచి అడుగుతోంది. 2014 డిసెంబరులో 52 శాతం హక్కు వైపు, 46 శాతం నియంత్రణ వైపు మొగ్గేసరికి, రెండు దశాబ్దాలలో హక్కుల పక్షం పైచేయి సాధించడం ఇదే మొదటిసారని చెప్పుకున్నారు. అయితే ఇంట్లో తుపాకీ ఉంచుకుంటూనే, కొనేవాడి నేరచరిత్ర చూడాల్సిందేననే మనిషి ఈ రెండింటిలో దేన్ని ఎంచుకోవాలి? అలాంటివారు మా వీధిలోనే ఉన్నారు. 2015 జులైలో అదే ప్రశ్నకు నియంత్రణ వైపు 50, హక్కు వైపు 47 శాతం నిలవగా, ప్రైవేటు అమ్మకాలకూ గన్ షోలకూ (తుపాకులు అమ్మే ప్రదర్శనలకు) బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే కొనేవారి నేరచరిత్ర తనిఖీ, ఉండాలా అని విడిగా అడిగితే 85 శాతం మంది ఉండాలన్నారు. లోపమున్నా పాత ప్రశ్నను అలాగే కొనసాగించడానికి కారణం లేకపోలేదు. మాటలు మారిస్తే పాత ఏళ్లతో పోల్చుకునే వీలు పోతుంది.

మరో సర్వే సంస్థ గాలప్ ప్రశ్న మరోరకం: తుపాకుల అమ్మకాల చట్టాలు మరింత కఠినం కావాలా, సడలాలా, ఇప్పుడున్నట్టే ఉండాలా? 2021 సెప్టెంబరు నుంచి పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకు తిరగనిచ్చే టెక్సాస్‌లో "ఇప్పుడున్నట్టే" అనే జవాబుకూ, తుపాకీ చట్టాలు కఠినంగా ఉండే కాలిఫోర్నియాలో అదే జవాబుకూ అర్థం ఒకటెలా అవుతుంది? 2023 మేలో మాకు దగ్గర్లోని అలెన్ మాల్ కాల్పుల్లో ఒక తెలుగమ్మాయి సహా ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత మనవాళ్ల మధ్య ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఎవరికి వారు తమ రాష్ట్ర చట్టాన్నే మనసులో పెట్టుకుని మాట్లాడటం గమనించాను.

ప్రశ్నలోకి రాజకీయం అడుగుపెడితే అంకె ఇంకా దిగుతుంది. 2013 జనవరిలో అన్ని తుపాకీ అమ్మకాలకూ తనిఖీ ఉండాలని గాలప్‌కు 91 శాతం చెప్పారు. ఏప్రిల్‌లో సెనేట్‌లో ఈ తనిఖీలను విస్తరించే ప్రతిపాదన వీగిపోయాక, దాన్ని ఆమోదించి ఉండాల్సిందన్నవారు 65 శాతమే. 2016 నవంబరులో మెయిన్ రాష్ట్రంలో ఇదే విషయం ప్రజల ఓటు కోసం బ్యాలెట్ మీదికి వస్తే అనుకూలంగా పడినవి దాదాపు 48 శాతం ఓట్లే, అంటే ఓడిపోయింది. పైగా ప్యూ, గాలప్‌ల జాతీయ సర్వేలు వయోజనులందరినీ లెక్కలోకి తీసుకుంటాయి గనుక వాటిలో నాలాంటి గ్రీన్‌కార్డుదారుడి మాటకూ చోటుంటుంది, బ్యాలెట్ మీద మాత్రం ఉండదు.